సైమన్ గాల్లోకి లేచాక మన చేతిలో ఏమీ ఉండదు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద గేమ్ నడిచేటప్పుడు అంత దూరం నుంచి సరిగ్గా కనబడదు.

ఇవాళ ఒకే ఒక్క గేమ్ గురించి మాట్లాడతాను. క్యాసిల్‌వేనియా. 1986 సెప్టెంబరులో కోనామీ సంస్థ జపాన్‌లో, నింటెండో వాళ్ల ఫామికామ్ గేమ్ యంత్రానికి తగిలించే డిస్క్ సిస్టమ్ మీద దీన్ని విడుదల చేసింది. అక్కడ పేరు 'అకుమాజో డ్రాక్యులా'. మరుసటి ఏడాది అమెరికాకి క్యాట్రిడ్జ్‌గా, అంటే మనం క్యాసెట్ అనేదానిలా వెళ్లినప్పుడు క్యాసిల్‌వేనియా అయింది. కథ చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. సైమన్ బెల్మాంట్ అనే వేటగాడు కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలోకి వెళ్తాడు. కోట చివర, పైన గదిలో ఉన్న డ్రాక్యులాని చంపాలి. అంతే.

ఈ గేమ్‌కి 'మహా కష్టం' అని పేరుంది. పేరు నిజమే. కానీ ఎందుకు కష్టం అని అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబుతో నేను ఏకీభవించను. 'పాత గేమ్‌లన్నీ అంతే, ఆడేవాణ్ని ఏడిపించడానికే చేసేవాళ్లు' అంటారు. కొన్ని గేమ్‌ల విషయంలో ఆ మాట చెల్లుతుంది. దీని విషయంలో చెల్లదు. ఈ గేమ్‌కి మన వేళ్లు ఎంత వేగంగా కదులుతాయన్నది పెద్దగా పట్టదు. బటన్ నొక్కే ముందు ఆలోచించామా లేదా అన్నదే దానికి కావాలి. నేను చెప్పదలచుకున్న విషయం ఇదొక్కటే. మిగతా సమయమంతా అది ఎలాగో చూపిస్తాను.

ముందు జంప్ చూడండి. మారియో ఆడనివాళ్లు ఈ గదిలో ఎవరూ ఉండరనుకుంటాను. మారియో గాల్లోకి లేచాక ఎడమ బటన్ నొక్కితే ఎడమకి జరుగుతాడు. తప్పు దూకామని తెలిస్తే గాల్లోనే కాస్త సర్దుకోవచ్చు. బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు లేస్తాడు. కాంట్రాలో కూడా గాల్లో దిశ మార్చుకోవచ్చు. సైమన్‌కి ఆ వీలు లేదు. అతని జంప్ ఎత్తు ఒకటే, దూరం ఒకటే. నిలబడి దూకితే నిట్టనిలువుగా లేచి అక్కడే దిగుతాడు. నడుస్తూ దూకితే ఒకే వంపులో వెళ్లి ఒకే చోట పడతాడు. మధ్యలో వెనక్కి తిరగడం లేదు, ఆగడం లేదు. అంచు మీద నుంచి దూకకుండా ఊరికే నడిచి వెళ్లిపోతే రాయిలా నిలువునా కిందికి పడతాడు.

మొదటిసారి ఆడేవాళ్లకి ఇది లోపంలా అనిపిస్తుంది. 'కంట్రోల్స్ బాగాలేవు' అంటారు. నిజానికి కంట్రోల్స్ చాలా కచ్చితంగా ఉంటాయి. ఏ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో ప్రతిసారీ తేడా లేకుండా అదే జరుగుతుంది. నొక్కాక వెనక్కి తీసుకోలేం, అంతే. దూకాలా వద్దా, ఎక్కడి నుంచి దూకాలి, దిగే చోట ఆ క్షణానికి ఎవరుంటారు అన్న లెక్క నేల మీద ఉండగానే తేల్చుకోవాలి.

కొరడా సంగతీ ఇలాంటిదే. బటన్ నొక్కగానే దెబ్బ పడదు. సైమన్ ముందు కొరడాని వెనక్కి లాగుతాడు, ఆ తర్వాతే అది ముందుకి విచ్చుకుంటుంది. ఆ చిన్న ఆలస్యం సెకనులో ఏ కొంచెమో. కానీ నేల మీద కొరడా విసిరినంతసేపూ కాళ్లు కదలవు. అందుకే శత్రువు ఎక్కడ ఉన్నాడో చూసి కొడితే తగలదు. దెబ్బ విచ్చుకునే వేళకి ఎక్కడుంటాడో అక్కడికి కొట్టాలి. గాల్లో ఉండగా కొడితే మాత్రం కదలిక ఆగదు, ఆ వంపులోనే వెళ్తూ కొట్టొచ్చు. దూకుతూ కొట్టడం, దిగే లోపే దెబ్బ పూర్తయ్యేలా చూసుకోవడం ఒంటబడితే సగం గేమ్ వచ్చినట్టే.

ఇక దెబ్బ తగిలితే ఏమవుతుందో చూద్దాం. దీన్నే అందరూ తిట్టుకుంటారు. సైమన్‌కి ఏది తగిలినా, గబ్బిలమైనా ఎముకైనా, వెనక్కి ఎగిరిపడతాడు. ఆ ఎగిరిపడటం మన అదుపులో ఉండదు. వెనక గొయ్యి ఉంటే గొయ్యిలోకే. సైమన్‌కి 16 గడుల ప్రాణం ఉంటుంది. మొదట్లో ఒక్కో దెబ్బకి 2 గడులు పోతాయి, చివరి స్టేజిలకి వచ్చేసరికి 4 పోతాయి. అంటే అక్కడ నాలుగు దెబ్బలకి ఒక లైఫ్ పోతుంది. కానీ ఈ గేమ్‌లో పోయే లైఫ్‌లలో చాలా భాగం గడులు అయిపోవడం వల్ల పోవు. ఒకే ఒక్క దెబ్బ, వెనక ఒక గొయ్యి. గడులన్నీ నిండుగా ఉండగానే లైఫ్ పోతుంది. కోపం వచ్చేదీ అక్కడే.

ఆ కోపాన్ని కాసేపు పక్కన పెట్టి ఆలోచిస్తే ఇంకోటి కనబడుతుంది. ఎగిరిపడే దూరం కూడా ప్రతిసారీ ఒకటే. కాబట్టి ఎక్కడ నిలబడి దెబ్బ తింటున్నామన్నది కూడా మన నిర్ణయమే. గోతికి ఆనుకుని ఎప్పుడూ నిలబడకూడదు. గబ్బిలం వస్తోందనుకుంటే రెండడుగులు లోపలికి జరిగి, వెనక నేల ఉండేలా చూసుకుని, అప్పుడు ఎదుర్కోవాలి. ఇంకో మర్మం చెప్తాను. మెట్ల మీద ఉన్నప్పుడు దెబ్బ తగిలితే గడులు పోతాయిగానీ సైమన్ వెనక్కి ఎగిరిపడడు. మెట్లని గట్టిగా పట్టుకుని ఉన్నట్టే. మెట్ల మీద దూకలేం, అది ఇబ్బందే. కానీ కొన్ని చోట్ల నేల మీద కంటే మెట్ల మీద నిలబడి దెబ్బ తినడమే క్షేమం. ఇది పుస్తకంలో రాసి ఉండదు, ఆడి ఆడి తెలుసుకోవాల్సిందే.

ఇవన్నీ గేమ్ ఎక్కడా మాటల్లో చెప్పదు. మొదటి స్టేజి మొదటి నిమిషం చూడండి, ఎలా నేర్పుతుందో తెలుస్తుంది. కోట గేటు దాటాక ఆరుబయట ఒక తోట లాంటి ఆవరణ. అక్కడ శత్రువులు లేరు. ఒక్కడు కూడా లేడు. వరసగా దీపాలు మాత్రం వెలుగుతుంటాయి. చేతిలో కొరడా ఉంది, ఎదురుగా దీపం ఉంది, ఎవరైనా ఏం చేస్తారు? కొట్టి చూస్తారు. దీపం పగిలి ఒక గుండె గుర్తు కిందపడుతుంది. ఇంకో దాంట్లోంచి కొరడాని పొడిగించే వస్తువు వస్తుంది. అంటే కొరడా ఎంత దూరం వెళ్తుంది, ఎంత ఆలస్యంగా విచ్చుకుంటుంది, దీపాల్లో ఏముంటుంది, ఇవన్నీ ఏ ప్రమాదమూ లేకుండా నేర్చుకునే చోటు అది. ఆ తర్వాతే కోట తలుపు. లోపల మొట్టమొదట ఎదురయ్యేది నెమ్మదిగా నడిచే శవాలు, నేరుగా మనవైపే వస్తాయి. తర్వాత చిరుతలు. అవి కూర్చునే ఉంటాయి, దగ్గరికి వెళ్తేనే లేచి దూకుతాయి. తర్వాత గబ్బిలాలు, అలల్లా ఊగుతూ వస్తాయి. తర్వాత నీళ్లలోంచి పైకెగిరే చేపమనుషులు. ఒక్కొక్కటీ ఒక్కో కొత్త ప్రశ్న. పాఠం పేరు చెప్పకుండా పాఠం చెప్పడంలో దీన్ని మించిన గేమ్‌లు నేను చాలా తక్కువ చూశాను.

గుండె గుర్తు అన్నాను కదా. మన అలవాటు ప్రకారం గుండె అంటే ప్రాణం పెరగాలి. ఇక్కడ పెరగదు. గుండెలు అంటే మందుగుండు. చిన్న గుండె తీసుకుంటే 1, పెద్దది తీసుకుంటే 5. కొరడా కాకుండా ఇంకో ఆయుధం పట్టుకోవచ్చు: బాకు, గొడ్డలి, పవిత్రజలం, తిరిగొచ్చే శిలువ, గడియారం. పై బటన్ పట్టుకుని కొరడా బటన్ నొక్కితే అవి పనిచేస్తాయి. ఒక్కో వాడకానికి ఒక గుండె ఖర్చు, గడియారానికి మాత్రం 5. ప్రాణం నింపుకోవాలంటే గోడలో దాచిన మాంసం వెతుక్కోవాలి. కోట గోడల్లో కొన్ని ఇటుకలు కొడితే పగులుతాయి, లోపల వేయించిన మాంసం ఉంటుంది. అది అక్కడ ఎందుకుందో, ఎన్ని శతాబ్దాల నాటిదో అడక్కండి, తినేయండి.

రెండో ఆయుధం ఒకేసారి ఒకటే ఉంటుంది. ఇంకోటి తాకితే పాతది పోతుంది. పవిత్రజలం లాంటి మంచి ఆయుధం చేతిలో ఉండగా తొందరలో దీపం కొడతారు, దాంట్లోంచి బాకు పడుతుంది, ఆగకుండా ముందుకి నడిచి దాన్ని తాకేస్తారు. అంతే, పవిత్రజలం పోయింది, బాకు మిగిలింది. కిందపడ్డ వస్తువు కొన్ని క్షణాలకి దానంతటదే మాయమవుతుంది. ఆగితే చాలు. ఆగడం కూడా ఇక్కడ ఒక ఎత్తుగడే.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒక్క మాట చెప్పాలి. తొంభైల్లో మన దగ్గర టీవీకి తగిలించుకుని ఆడిన వీడియోగేమ్‌లు చాలావరకు ఇదే నింటెండో యంత్రానికి నకళ్లు. '9999 ఇన్ 1' అని రాసి ఉండే క్యాసెట్లు గుర్తున్నాయి కదా. అందులో నిజంగా ఉండేవి కొన్ని గేమ్‌లే, అవే మళ్లీ మళ్లీ వేరే పేర్లతో వచ్చేవి. ఆ క్యాసెట్లలో పట్టేవి చిన్న గేమ్‌లు. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. క్యాసిల్‌వేనియా క్యాట్రిడ్జ్ 128 కిలోబైట్లు. అందుకే మనలో చాలామంది మారియో ఆడాం, రోడ్ ఫైటర్ ఆడాం, విడి క్యాసెట్ దొరికితే కాంట్రా ఆడాం, ఈ కోట గుమ్మం మాత్రం తొక్కలేదు. పెద్దయ్యాక తొక్కేవాళ్లకి ఒక లాభం ఉంది. చిన్నప్పుడు లేని ఓపిక ఇప్పుడు ఉంటుంది.

128 కిలోబైట్లంటే ఇప్పుడు ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోలో చిన్న ముక్క. అందులో 18 స్టేజిలు, మూడేసి చొప్పున 6 బ్లాకులు, ప్రతి బ్లాకు చివర ఒక బాస్, అంటే పెద్ద శత్రువు. మొదట పెద్ద గబ్బిలం, తర్వాత మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టున్న రాక్షసి), తర్వాత జంట మమ్మీలు, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, మృత్యువు, ఆఖర్న డ్రాక్యులా. గేమ్ బాగా తెలిసినవాళ్లు మొదటి నుంచి చివరిదాకా పావుగంటలోపే ముగిస్తారు. మరి మనకి వారాలు ఎందుకు పడుతుంది? గేమ్ చిన్నదే, మనం నేర్చుకోవాల్సింది పెద్దది. అప్పటి యంత్రంలో చోటు తక్కువ కాబట్టి గేమ్ నిడివిని కోట పొడవులో పెట్టలేకపోయారు, ఆడేవాడి మెదడులో పెట్టారు.

ఈ మెడూసా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీలు అందరూ ఒకే కోటలో ఏం చేస్తున్నారని మీకు అనుమానం రావచ్చు. గేమ్ చేసినవాళ్లు పాత హాలీవుడ్, బ్రిటిష్ దెయ్యాల సినిమాలకి వీరాభిమానులు. గేమ్ ముగిశాక వచ్చే పేర్ల జాబితా చూస్తే తెలుస్తుంది. అందులో ఒక్కటీ అసలు పేరు కాదు. డ్రాక్యులాగా క్రిస్టఫర్ బీ అని ఉంటుంది, అంటే సినిమాల్లో డ్రాక్యులా వేసిన నటుడు క్రిస్టఫర్ లీ. మృత్యువుగా బెలో లుగోసి, అంటే నటుడు బేలా లుగోసి. ఫ్రాంకెన్‌స్టైన్‌గా బోరిస్ కార్లోఫిస్, అంటే నటుడు బోరిస్ కార్లోఫ్. రచన వ్రాన్ స్టోకర్, అంటే 1897లో డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్. సంగీతం జేమ్స్ బనానా. అప్పట్లో జపాన్ కంపెనీలు చాలావరకు తమ దగ్గర పనిచేసేవాళ్ల అసలు పేర్లు బయటికి రానిచ్చేవి కావు.

ఆ జేమ్స్ బనానా వెనక ఉన్న మనిషి కినుయో యమషిత. కోనామీలో చేరిన కొత్తలోనే ఈ గేమ్‌కి సంగీతం చేశారు. సతోయె తెరషిమ కూడా కొన్ని బాణీలు కట్టారు. ఆ యంత్రంలో శబ్దానికి ఉన్నవి అయిదు దారులు. రెండు పల్స్ తరంగాలు, ఒక త్రికోణ తరంగం, ఒకటి రొద కోసం, ఒకటి రికార్డు చేసిన చిన్న శబ్దాల కోసం. వాటితోనే ఆమె ఏం చేశారో వినండి.

(మొదటి స్టేజి సంగీతం వినిపించారు.)

దీని పేరు 'వాంపైర్ కిల్లర్'. దెయ్యాల కోట కదా, సన్నగా మూలుగుతూ భయపెట్టే సంగీతం పెట్టొచ్చు. పెట్టలేదు. నడిపించే సంగీతం పెట్టారు. కింద త్రికోణ తరంగం బేస్‌లా పరిగెడుతుంటే పైన పల్స్ తరంగం పాట పాడుతుంది. నా ఉద్దేశంలో ఇది గేమ్ కష్టానికి నేరుగా ముడిపడిన నిర్ణయం. లైఫ్ పోయినప్పుడల్లా పాట మొదటికి వస్తుంది. ఒక స్టేజి దగ్గర ఇరుక్కుపోతే అదే బాణీ గంటలకొద్దీ వినాలి. విసుగు పుట్టించే బాణీ అయితే మనిషి లేచిపోతాడు. ఈ బాణీలు మళ్లీ కూర్చోబెడతాయి. మూడో బ్లాకులో వచ్చే 'వికెడ్ చైల్డ్' ఇంటికెళ్లి వినండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇప్పుడు అందరూ భయపడే చోటుకి వద్దాం. 15వ స్టేజి. మృత్యువు గదికి ముందు ఉండే నడవ. తెర మీద పెడుతున్నాను చూడండి.

పొడుగాటి నడవ. గోతులు లేవు, మెట్లు లేవు. చూడటానికి ఈ గేమ్‌లో ఇంత సాదా చోటు ఇంకోటి లేదు. ఎదురుగా కవచం తొడిగిన యోధుడు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. కాస్త ముందుకి వస్తాడు, కాస్త వెనక్కి వెళ్తాడు, మధ్యలో గొడ్డలి విసురుతాడు. అది కొంతదూరం వచ్చి మళ్లీ అతని చేతికే తిరిగి వెళ్తుంది. ఒక్కోసారి తల ఎత్తులో విసురుతాడు, అప్పుడు కూర్చోవాలి. ఒక్కోసారి కాళ్ల ఎత్తులో విసురుతాడు, అప్పుడు దూకాలి. చాలా దెబ్బలు తింటేగానీ చావడు. ఇతనొక్కడే అయితే పెద్ద విషయం కాదు.

కానీ అదే సమయంలో మెడూసా తలలు వస్తుంటాయి. గాల్లో అలలాగా పైకి కిందికి ఊగుతూ, ఆగకుండా, ఒకదాని తర్వాత ఒకటి. ఒక తలని కొడితే ఇంకోటి వస్తుంది. వీటికి అంతు లేదు. ఇప్పుడు చూడండి. గొడ్డలి కింద ఎత్తులో వచ్చింది. దూకాలి. దూకితే ఆ వంపులో తల ఉంది. దూకకపోతే గొడ్డలి. తలని ముందు కొడదామంటే కొరడా విచ్చుకునేలోపు గొడ్డలి తగులుతుంది, కొరడా విసిరేటప్పుడు కాళ్లు కదలవు కదా. ఏది చేసినా దెబ్బే. ఒక్కో దెబ్బకి నాలుగు గడులు. ఆ దెబ్బకి వెనక్కి ఎగిరిపడితే, వెనక నుంచి వస్తున్న తల.

ఇక్కడ గేమ్‌ని తిట్టి టీవీ ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఒకసారి ఆగి చూడండి. ఈ పరిస్థితి ఎప్పుడు పుట్టింది? గొడ్డలి విసిరినప్పుడు కాదు. అంతకుముందు, మనం ఆ యోధుడికి అంత దగ్గరగా, తల అల కిందికి దిగే చోట నిలబడినప్పుడు పుట్టింది. తలల కదలిక ఎప్పుడూ మారదు. అదే అల, అదే వేగం. ఒక్క తలని కొట్టకుండా చివరిదాకా చూడండి. ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ కిందికి దిగుతుందో లెక్క దొరుకుతుంది. లేచినప్పుడు దాని కింద నుంచి నడిచిపోవచ్చు. ప్రతి తలనీ చంపనక్కర్లేదు. ఈ నడవలో ఓడిపోయేవాళ్లు ఎక్కువగా అన్నిటినీ చంపాలని చూసేవాళ్లే.

రెండోది పవిత్రజలం. ఇందాక చెప్పాను, మంచి ఆయుధం అని. చిన్న సీసా విసిరితే నేల మీద పడి కాసేపు మంట మండుతుంది. ఆ మంటలో చిక్కినవాడు కాలుతున్నంతసేపూ కదలలేడు. యోధుడు కూడా కదలలేడు. గొడ్డలి విసరలేడు. అంటే ఒక్క సీసాతో రెండు సమస్యల్లో ఒకటి ఆగిపోయింది. ఇక మిగిలింది తలలు. వాటి లెక్క ముందే తెలుసు. దగ్గరికి వెళ్లి కొరడాతో కొట్టడం, మంట ఆరేలోపు ఇంకో సీసా. వరసగా మూడు సీసాలు విసిరే శక్తి కూడా సంపాదించుకుని ఉంటే నడవ చాలా మారిపోతుంది. అదే ఆయుధంతో లోపల మృత్యువుని కూడా, కిందికి దిగిన క్షణం పట్టుకుంటే, కదలకుండా నిలబెట్టి కొట్టొచ్చు. లేకపోతే ఆ గదిలో గాల్లో ఎక్కడపడితే అక్కడ కొడవళ్లు పుడుతుంటాయి.

కాబట్టి 15వ స్టేజి 15వ స్టేజిలో మొదలవదు. పవిత్రజలాన్ని పోగొట్టుకోకుండా, గుండెలు ఖర్చు పెట్టేయకుండా, ప్రాణం నిండుగా ఇక్కడిదాకా తీసుకురావడంలో మొదలవుతుంది. లైఫ్ పోతే కొరడా మళ్లీ పొట్టిదైపోతుంది, రెండో ఆయుధం పోతుంది, గుండెలు 5కి పడిపోతాయి. ఆ స్టేజి మొదటి నుంచి మళ్లీ మొదలు. లైఫ్‌లన్నీ అయిపోతే బ్లాకు మొదటికి, అంటే 13వ స్టేజికి వెళ్లాలి. అక్కడి నుంచి ఎన్నిసార్లయినా ఆడొచ్చు, దానికి లెక్క లేదు. నిజం చెప్పాలంటే లైఫ్‌లు మిగిలి ఉండగా ఒట్టి చేతులతో ఈ నడవ దాటడం కంటే, బ్లాకు మొదటికి వెళ్లి అన్నీ సమకూర్చుకుని రావడం చాలాసార్లు సులువు.

ఈ గేమ్‌లో నేను సమర్థించలేని చోటు కూడా ఒకటుంది, చెప్పకపోతే న్యాయం కాదు. గూనివాళ్లలా కనిపించే చిన్న ఆకారాలు ఉంటాయి, గెంతుతూ మీదపడతాయి. కొన్ని చోట్ల గద్దలు వాటిని మోసుకొచ్చి పడేస్తాయి. వాటి గెంతుకి లెక్క దొరకదు. ఒకసారి చిన్న గెంతు, ఒకసారి పెద్ద గెంతు. మిగతా గేమ్ అంతా 'చూడు, లెక్కపెట్టు, తర్వాత కదులు' అంటుంటే, ఇవి ఒక్కటే వేళ్ల వేగం అడుగుతాయి. అదే ధోరణి గేమ్ అంతా నింపితే ఎలా ఉంటుందో తెలియాలంటే, దీనికంటే ఏడాది ముందు 1985లో క్యాప్‌కామ్ చేసిన గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్ ఆడండి. అదీ శ్మశానమే, అదీ దెయ్యాలే. శవాలు నేలలోంచి ఎక్కడ లేస్తాయో తెలియదు. రెండు దెబ్బలకి చావు. ఎంతో కష్టపడి చివరిదాకా వెళ్తే మళ్లీ మొదటి నుంచి ఆడమంటుంది. దాన్ని ఇష్టపడేవాళ్లని నేను గౌరవిస్తాను. నా మనసు మాత్రం సైమన్ దగ్గరే ఉంది.

ప్రశ్నలు ఏమన్నా ఉంటే ఇప్పుడు అడగండి. ఆ, మీరు చెప్పమ్మా.

(ప్రశ్న: ఇప్పుడు ఈ గేమ్‌లో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకునే వీలుంది కదండీ. అలా ఆడితే తప్పా?)

తప్పేం లేదమ్మా. 2019లో కోనామీ వాళ్లే పాత గేమ్‌లు ఎనిమిదింటిని కలిపి 'క్యాసిల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్' అని తెచ్చారు, అందులో ఏ క్షణాన్నైనా సేవ్ చేసుకోవచ్చు. అసలు 1986 నాటి జపాన్ డిస్క్‌లో కూడా ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలుండేది. ఆఫీసుకి వెళ్లేవాళ్లు, పిల్లలున్నవాళ్లు ఒక్క బిగిన గంటలు గంటలు ఆడలేరు. బ్లాకు మొదట్లో సేవ్ చేసుకోండి, రేపు అక్కడి నుంచి ఆడండి. కానీ ప్రతి దెబ్బకీ వెనక్కి వెళ్లి సరిచేసుకుంటూ ఆడితే, నొక్కిన బటన్ వెనక్కి తీసుకోలేం అన్న ఒక్క సూత్రం పోతుంది. అది పోయాక ఈ గేమ్‌లో మిగిలేది బొమ్మలూ పాటలూ. అవీ బాగుంటాయి, కాదనను. నడవ దాటిన సంతోషం మాత్రం రాదు.

దీని మీద తర్వాత ఇంకో స్టూడియో వాళ్లు ఏం చేశారో చెప్తాను. 2018లో ఇంటి క్రియేట్స్ అనే జపాన్ స్టూడియో 'బ్లడ్‌స్టెయిన్డ్: కర్స్ ఆఫ్ ద మూన్' చేసింది. అచ్చం ఈ పాత పద్ధతిలో, ఇలాంటి బొమ్మలతో. మొదలుపెట్టగానే రెండు రకాల్లో ఏది కావాలో అడుగుతుంది. వెటరన్ ఒకటి, క్యాజువల్ ఒకటి. క్యాజువల్‌లో లైఫ్‌లకి లెక్క లేదు, దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడటం ఉండదు. కష్టం అసలు ఎక్కడ దాగుందో వాళ్లకి ఎంత బాగా తెలుసో చూడండి. కొత్తవాళ్లు అందులో క్యాజువల్‌తో మొదలుపెట్టి, వెటరన్ ఆడి, అప్పుడు 1986 కోటకి రావడం మంచి దారి.

(ప్రశ్న: మా ఇంట్లో పెద్ద ఎల్‌ఈడీ టీవీ మీద ఆడితే జంప్ ఆలస్యంగా పడుతున్నట్టుంది. అది గేమ్ తీరేనా?)

గేమ్ తీరు కాదండీ, టీవీ తీరు. ఈ గేమ్ పాత పిక్చర్ ట్యూబ్ టీవీల కోసం చేసింది. సెకనుకి 60 బొమ్మలు, బటన్ నొక్కిన వెంటనే తెర మీద కదలిక. ఇప్పటి టీవీలు బొమ్మని మెరుగులు దిద్ది చూపిస్తాయి, ఆ దిద్దడంలో కొన్ని బొమ్మల కాలం పోతుంది. సినిమాకి తెలియదు, ఈ గేమ్‌కి వెంటనే తెలుస్తుంది. కొరడాకి అసలే ఆలస్యం ఉంది, దాని మీద టీవీ ఆలస్యం కలిస్తే ఎంత నేర్చుకున్నా చేయి కుదరదు. టీవీ సెట్టింగ్స్‌లో 'గేమ్ మోడ్' ఉంటుంది, పెట్టుకోండి. వీలుంటే తీగ ఉన్న కంట్రోలర్ వాడండి.

(ప్రశ్న: డ్రాక్యులా దగ్గర ఆగిపోయాను సార్. ఎలా కొట్టాలి?)

అక్కడిదాకా వెళ్లారంటే చేయి బాగా తిరిగినట్టే. డ్రాక్యులాకి రెండు రూపాలు. మొదటి రూపంలో మాయమై ఇంకోచోట ప్రత్యక్షమవుతాడు, అంగీ విప్పి మూడు నిప్పులు వదులుతాడు. దెబ్బ తగిలేది తలకి మాత్రమే, ఒంటి మీద ఎన్ని కొట్టినా లాభం లేదు. తల ఎత్తు అందాలంటే దూకి కొట్టాలి, అదే జంప్‌లో నిప్పుల్ని కూడా దాటాలి. అంటే ఒక్క జంప్ రెండు పనులు చేయాలి. నిప్పులు వదిలాక దూకితే ఆలస్యం. అతను కనబడగానే మీకూ అతనికీ ఎంత దూరముందో చూడండి. మరీ దగ్గరైతే కొట్టాలని ఆశపడకండి, దూరం జరగండి. సరైన దూరంలో ఉంటేనే దూకండి. నాలుగు అవకాశాల్లో ఒకటి వాడుకున్నా చాలు. అతనికి తొందర లేదు, మీకూ ఉండకూడదు.

తల తెగిపడ్డాక పెద్ద రాక్షసుడిగా లేస్తాడు, ఎత్తుగా గెంతుతాడు. దాని కింద నుంచి అవతలికి వెళ్లొచ్చు. ఇక్కడ కూడా పవిత్రజలం పనికొస్తుంది, అతను దిగే చోట మంట ఉండేలా చూసుకోండి. గెలిచాక కోట కూలిపోతుంది, ఇందాక చెప్పిన పేర్లన్నీ వస్తాయి. ఆ తర్వాత ఆపేయకండి. గేమ్ మళ్లీ మొదటి స్టేజి నుంచి మొదలవుతుంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. మొదట్లో ఏ గొడవా లేని చోట్ల కూడా మెడూసా తలలు వస్తాయి. మీకు అప్పటికి వాటి లెక్క వచ్చేసి ఉంటుంది.

ఇక మాటలు చాలు. కంట్రోలర్లు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి, మొదటి బ్లాకు పెట్టాను. ముగ్గురేసి రండి, లైఫ్ పోయినప్పుడు పక్కవాళ్లకి ఇవ్వండి.